తొమ్మిదడుగుల పెట్రోలు

పద్దెనిమిదేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. ఎవరో నన్నన్న మాట కాదు, నేనే ఒకరితో అన్నది. నాలుగు ముక్కలు, అంతే. పనిలో ఉన్నంతసేపు గుర్తు రాదు. చేతులు కడుక్కుని అన్నం ముందు కూర్చోగానే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. నా భార్యకు చెప్పలేదు. అన్నదమ్ములకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, కాబట్టి మీకు చెప్పగలననిపిస్తోంది. పేరు మాత్రం అడగకండి. నారాయణఖేడ్‌లో రోడ్డు పక్కన షెడ్డు వేసుకున్న మెకానిక్‌ని, ఊళ్ళో అందరూ ఉస్తాద్ అంటారు, అంతవరకు చాలు.

విన్నాక మీరు ‘ఓస్, ఇంతేనా’ అనవచ్చు. ఒక నట్టు బిగించలేదు. ప్రపంచంలో నట్టు మరిచిపోని మెకానిక్ ఎవడు? కానీ నేను మరిచిపోలేదు. బిగించలేదని నాకు తెలుసు. ఆ సంగతి తెలిసినవాణ్ణి అప్పుడూ నేనొక్కణ్ణే, ఇప్పుడూ నేనొక్కణ్ణే.

వీరారెడ్డి అని రోడ్ల కంట్రాక్టరు ఉండేవాడు. మేమంతా పటేల్ అనేవాళ్ళం. ఆయన ఒకసారి హైదరాబాద్ వెళ్ళి ఎవరో నవాబుల పాత దేవిడీలో, పెద్ద బంగళాలో, ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. సీమ బండి, ఇంగ్లండుది. ఎర్రది, రెండే సీట్లు, బట్ట టాపు. నా నడుము ఎత్తు కూడా లేదు. కల్హేర్ రోడ్డు మీద దాన్ని నడపడమంటే పట్టుచీర కట్టుకుని నాట్లు వేయడమే, కానీ పటేల్‌కు ఆ మాట చెప్పేదెవరు? ఊరంతా వచ్చి చూసింది. నేను బానెట్ ఎత్తి చూశాను. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అన్న సామెత దాని కోసమే పుట్టినట్టుంది.

ఆరు సిలిండర్ల ఇంజన్. దానికి కార్బురేటరే లేదు. అలాంటిది నేను అంతకుముందు చూడలేదు. కార్బురేటర్ బదులు పెట్రోలును కొలిచి ఆరు సన్నటి పైపుల గుండా ఇంజన్‌లోకి చిమ్మే ఒక పరికరం ఉంది. ఆ చిమ్మడానికి బలం కావాలి కనుక వెనక డిక్కీలో ఒక కరెంటు పంపు. అది పెట్రోలును వంద పౌండ్ల ఒత్తిడితో నెడుతుంది. చిమ్మే పరికరం పాడైపోయింది, దాని సామాను మన దేశంలో దొరకదు. పటేల్ ఒకటే మాటన్నాడు. అది పీకి పారేసి కార్బురేటర్లు ఎక్కించు, దసరాకు బండి నడవాలి. దసరాకు పన్నెండు రోజులుంది. నేను సరేనన్నాను. ఎందుకన్నాను? నాకు రాదు అనడం నా నోటికి అలవాటు లేదు.

కార్బురేటర్లు దొరికాయి. హైదరాబాద్ పాత సామాను బజారులో తిరిగి తిరిగి రెండు పట్టుకొచ్చి, ఇంజన్‌కు సరిపోయేలా రేకు కోసి, వెల్డింగ్ చేయించి కూర్చోబెట్టాను. అసలు చిక్కు పెట్రోలు ఒత్తిడితో వచ్చింది. కార్బురేటర్‌లో ఒక చిన్న గిన్నె ఉంటుంది. గిన్నె నిండగానే లోపల తేలే బెండు లేచి ఒక సూదితో దారి మూసేస్తుంది. ఆ సూది మూడు పౌండ్ల ఒత్తిడిని ఆపగలదు. అంతకు మించితే ఓడిపోతుంది. గిన్నె పొంగి పెట్రోలు వేడి ఇంజన్ మీద కారుతుంది. వెనక వంద పౌండ్ల పంపు, ముందు మూడు పౌండ్ల సూది. మేకను కట్టే తాడుతో ఏనుగును కట్టమన్నట్టు ఉంది నా పని.

పెద్ద పంపు తీసేసి చిన్నది పెట్టడమే సరైన పద్ధతి. అది నాకు తెలియక కాదు. మన కార్లకుండే పంపు ఇంజన్ పక్కనే బిగిస్తారు, ఈ ఇంజన్‌కు ఆ చోటు లేదు. చిన్న కరెంటు పంపు కోసం రెండుసార్లు హైదరాబాద్ వెళ్ళాను. పండుగ తర్వాత రమ్మన్నారు. పండుగ తర్వాతనే పెడదాం పటేలా, అప్పటిదాకా బండి తీయొద్దు అని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. మోటారు నీళ్ళు ఎక్కువైతే రైతు గండి కొట్టి పక్క కాలువకు వదిలేస్తాడు కదా, నేనూ అదే చేశాను. పంపు నుంచి వచ్చే పైపును మధ్యలో చీల్చి, ఎక్కువైన పెట్రోలు మళ్ళీ ట్యాంకులోకే పోయేలా ఇంకో పైపు వేశాను. ఆ తిరుగు పైపుకు ఒక ఇత్తడి నల్లా పెట్టాను. నల్లా ఎంత తెరిస్తే అంత పెట్రోలు వెనక్కి పోతుంది, కార్బురేటర్ మీద ఒత్తిడి తగ్గుతుంది. మూసుకుపోతే ఒత్తిడంతా సూది మీద పడుతుంది. నల్లా తనంతట తాను తిరగకుండా దాని మీద ఒక నట్టు ఉంటుంది. ఆ నట్టు గురించే ఇదంతా.

మరి మూడు పౌండ్లు కొలిచేదెలా? నా దగ్గరున్నది టైర్ల గాలి కొలిచే మీటరు. అంత తక్కువ ఒత్తిడికి దాని ముల్లు కదలనే కదలదు. రెండు రోజులు బుర్ర గోక్కున్నాను. అప్పుడు పక్క ఇంటి గోడ కడుతున్న మేస్త్రీల చేతిలో లెవల్ పైపు కనబడింది, నీళ్ళు పోసి గోడలు సమంగా ఉన్నాయో లేదో చూసే ప్లాస్టిక్ పైపు. మూడు పౌండ్ల ఒత్తిడికి నీళ్ళయితే ఏడడుగుల ఎత్తు లేస్తాయి. పెట్రోలు నీళ్ళకన్నా తేలిక, తొమ్మిదడుగులు లేస్తుంది. షెడ్డు గోడకు వెదురు నిచ్చెన ఆనించి, దానికి లెవల్ పైపు కట్టి, తొమ్మిదడుగుల దగ్గర సుద్దతో గీత పెట్టాను. పంపు వేసి నల్లా మెల్లగా తిప్పుతుంటే పెట్రోలు పైపులో ఎగబాకి సరిగ్గా గీత దగ్గర నిలబడింది. చూస్తున్నవాళ్ళు నోరు తెరిచారు. చాయ్ దుకాణంలో పండుగ దాకా అదే ముచ్చట. ఆ పొగడ్త నాకు ఇష్టమైంది. ఎంత ఇష్టమైందో చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

ఆ నిచ్చెన పట్టుకున్నది సంగప్ప. పటేల్ దగ్గర డ్రైవరు, కర్ణాటక సరిహద్దున ఉన్న కంగ్టి మనిషి. ఇంట్లో కన్నడం, బయట మన మాట. ఎర్ర బండి వచ్చిన రోజు నుంచి దాన్ని తన తువ్వాలుతోనే తుడిచేవాడు. పెట్రోలుతో పని జరుగుతోందని తెలిసి, బీడీ తాగాలనిపిస్తే రోడ్డు దాటి అవతలికి పోయి తాగి, ఆర్పి, కాలితో నలిపి మరీ వచ్చేవాడు. అంత జాగ్రత్త గల మనిషి. ప్రతిదీ అడిగి తెలుసుకునేవాడు. ఏదైనా తేడా వస్తే ముందు తాళం తిప్పెయ్యి, తాళం తిప్పితే పంపు ఆగుతుంది అని నేనొకసారి చెప్పాను. గుర్తు పెట్టుకున్నాడు.

దసరాకు మా దగ్గర పద్ధతి ఒకటుంది. నవమి నాడు పనిముట్లన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, దారం చుట్టి దేవుడి పటం ముందు పెడతాం. దశమి నాడు జమ్మి పంచుకుని ఇంటికొచ్చేదాకా వాటిని ముట్టుకోం. హైదరాబాద్‌లో నాకు పని నేర్పిన ఉస్తాద్ కూడా ఇదే చెప్పాడు. అష్టమి సాయంత్రం పటేల్ వస్తే పని ఖతం పటేలా అన్నాను. నిజానికి నల్లా నట్టు సగమే బిగించి ఉంచాను. బండి ఒక రౌండు తిరిగొచ్చాక మళ్ళీ కొలిచి, అప్పుడు పానాతో గట్టిగా బిగించాలని. పటేల్ బండి తిప్పింది మరునాడు మధ్యాహ్నం. అప్పటికి నా పానాలు దారం చుట్టుకుని దేవుడి ముందు ఉన్నాయి.

దశమి పొద్దున బండిని నా షెడ్డు ముందే నిలిపారు. నలుగురూ చూడాలని పటేల్ పూజ అక్కడే పెట్టించాడు. జనం రాకముందే ఒకసారి పైపు కట్టి చూశాను. పెట్రోలు తొమ్మిది దాటి, పదకొండు దాటి పోతోంది. రోడ్డు మీది కుదుపులకు నల్లా తిరిగింది. వేళ్ళతో సరిచేశాను, గీత దగ్గరికి దిగింది. ఇక నట్టు బిగించాలి. పానా పదడుగుల దూరంలో ఉంది. ఒక దారం విప్పితే నా చేతిలో ఉంటుంది.

విప్పలేదు. ఎందుకు విప్పలేదు? చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్న జవాబు దైవభక్తి. పూజలో ఉన్న పనిముట్టు ముట్టుకుంటే అరిష్టం కదా, అందుకే ముట్టుకోలేదు అని. అబద్ధం. అంతకు రెండేళ్ళ ముందు అదే దసరా నాడు ఒక జీపు ఆగిపోతే దేవుడికి దండం పెట్టి పానా తీసుకున్నాను, ఏ అరిష్టమూ రాలేదు. ఈసారి తీయకపోవడానికి కారణం దేవుడు కాదు, జనం. అప్పటికే నలుగురు వచ్చి నిలబడ్డారు. పని అయిపోయిందన్నావు, మళ్ళీ పానా ఎందుకు ఉస్తాద్ అని ఎవడైనా అంటాడు. ఆ ఒక్క మాట పడలేక గుడ్డ చుట్టి వేళ్ళతో బిగించాను. వేళ్ళతో బిగించిన నట్టు ఎంతసేపు ఆగుతుందో నా కన్నా బాగా ఎవరికి తెలుసు? పూజ అయ్యేదాకా ఆగితే చాలనుకున్నాను.

ఇంజన్ నడుస్తుండగా హారతి ఇవ్వాలన్నాడు పటేల్. ఆయనే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బండికి హారతి ఇచ్చేది డ్రైవరు, అదీ పద్ధతే. సంగప్ప కొత్త ధోవతి కట్టుకొచ్చాడు. కొబ్బరికాయ మీద కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పాడు. ఈలోపు నాకు పెట్రోలు వాసన వచ్చింది. పొద్దున పైపు విప్పినప్పుడు ఒలికిందిలే అనుకున్నాను. అనుకున్నానా, లేక అనుకోవాలని అనుకున్నానా? నోరు తెరిచి ఇంజన్ ఆపండి అనవచ్చు. అనలేదు. సంగప్ప కాయ కొట్టడానికి ముందు కర్పూరాన్ని నేల మీద పెట్టాడు. బండికి మూడు మూరల అవతల. ఆయన జాగ్రత్త ఆయనది. నా కళ్ళతో చూశాను.

కారిన పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల బారునే ఎంతో దూరం పరుచుకుంటుంది. నేల మీద నీలం మంట పాకుతూ పోయి బండి కింద చేరింది. తర్వాత బానెట్ సందుల్లోంచి లేచింది. జనం వెనక్కి పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. సంగప్ప ముందుకు పోయాడు. పటేల్‌ను జబ్బ పట్టి బయటికి లాగి, మళ్ళీ వంగి, డాష్‌బోర్డు కింద నుంచి మంట వస్తుంటే అందులోకే చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. పంపు ఆగింది. నేను చెప్పిన పాఠం. పటేల్‌కు మీసాలు కూడా మాడలేదు. మేమంతా మట్టి చల్లి మంట ఆర్పేసరికి సంగప్ప కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

ఆయనను దవాఖానకు తీసుకుపోయారు. నేను వెంట పోలేదు. బండి చూస్తానని ఆగిపోయాను. అందరూ వెళ్ళాక వంగి చూస్తే తిరుగు పైపు మాడిపోయింది గానీ ఇత్తడి నల్లా అలాగే ఉంది. మూసుకుపోయి ఉంది. నట్టు వదులుగా ఉంది. దాన్ని విప్పి జేబులో వేసుకున్నాను, మరునాడు ఇనుప సామానులో కలిపేశాను. ఎలా అంటుకుంది ఉస్తాద్ అని పటేల్ అడిగితే పైపులన్నీ కాలిపోయాయి, ఏం తెలుస్తుంది అన్నాను. అప్పటికే జనం తేల్చేశారు. కర్పూరం దగ్గర పెట్టాడు, పెట్రోలు బండి అంటుకోదా మరి? నేను కాదనలేదు, అంతే. నోరు మూసుకోవడం అబద్ధం కాదు కదా అని ఆ రెండు రోజులు సర్ది చెప్పుకున్నాను.

మూడో రోజు దవాఖానకు వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. సంగప్ప మంచం మీద కూర్చుని ఉన్నాడు, చేతికి దళసరి కట్టు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

“ఉస్తాద్, ఒక్కటి అడుగుత. నిజం చెప్పు. కర్పూరం నేను దగ్గర వెట్టిన్నా?”

నేను మంచం అంచున కూర్చున్నాను.

“అందరు నీ తప్పేం లేదంటుండ్రు. నా దిల్‌కు పడ్తలేదు. నీకు బండి సంగతి ఎరుక. నువ్వు ఆడనే ఉంటివి, చూసినవ్ గదా.”

“జర దూరం వెట్టాల్సుండె, సంగప్ప.”

ఆ నాలుగు ముక్కలు ఇవే. ఎవరూ నా గొంతు మీద కత్తి పెట్టలేదు. మౌనంగా ఉండి ఉంటే ఆయన అనుమానం ఆయనకు ఉండేది, నా తప్పు నాకు ఉండేది. ఏమీ చెప్పకుండా లేచి రావచ్చు. కానీ అడిగినవాడికి నమ్మకంగా, నిదానంగా, నిజం చెబుతున్నవాడిలా చెప్పాను.

“హౌదా,” అన్నాడు, అవునా అని. కట్టు వైపు చూశాడు. “తప్పు నందే.” తప్పు నాదే అని, కన్నడంలో, తనకు తాను చెప్పుకుంటున్నట్టు. తర్వాత నా వైపు తిరిగాడు. “పన్నెండు దినాలు కష్టవడి చేసినవ్. నీ పనంత ఖరాబ్ చేసిన ఉస్తాద్. ఏమనుకోకు.”

ఆయన నన్ను క్షమాపణ అడిగాడు. నేను పోనీలే అన్నాను. అవును, ఆ మాట కూడా అన్నాను.

చెయ్యి మానింది కానీ వేళ్ళు ముడుచుకుపోయాయి. గేరు మార్చడానికి రాలేదు. పటేల్ జీపు తాళాలు ఇంకొకరికిచ్చాడు. దేవుడి కార్యంలో అపశకునం తెచ్చినవాడన్న మాట ఊళ్ళో మిగిలిపోయింది. సంగప్ప కంగ్టి వెళ్ళిపోయి కందిచేలో పడ్డాడు. అటు నుంచి బండ్ల రిపేరుకు వచ్చేవాళ్ళ నోట సంగతులు వినేవాణ్ణి. అగ్గిపెట్టె ముట్టుకోడట. బీడీ మానేశాడట. కూతురి పెళ్ళిలో హారతి పళ్ళెం చేతికిస్తే వద్దని దూరం జరిగాడట. వింటూ బండి కిందే పడుకుని ఉండేవాణ్ణి, బయటికి వస్తే ముఖం చూస్తారని.

నా సంగతా? నాకేం కాలేదు. ఆ తొమ్మిదడుగుల ముచ్చట చెప్పుకుని కొత్తవాళ్ళు బండ్లు తెచ్చేవారు. పాపం, ఆ డ్రైవరు చెడగొట్టాడు గానీ ఉస్తాద్ పని మాత్రం పని అనేవారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. కాలినవి ఆయన చేతులు, ఆకులు పట్టుకోవడానికి కూడా నేను పోలేదు. ఒక్కసారి మాత్రం చెప్పేద్దామని బస్సెక్కి కంగ్టిలో దిగాను. చేను గట్టు మీద ఎడమ చేత్తో కందికట్టెలు మోపు కడుతున్నాడు. నన్ను చూసి సంతోషపడి చెంబుతో నీళ్ళిచ్చాడు. వానల గురించి మాట్లాడుకున్నాం. తిరుగు బస్సుకు వచ్చేశాను. ఆ సంతోషం చూశాక చెప్పలేకపోయానని మీతో అంటే నమ్ముతారు కూడా. నమ్మకండి. భయపడ్డాను.

పోయిన నెల సంగప్ప చనిపోయాడు. కబురు పన్నెండో రోజుకు గానీ అందలేదు. వెళ్ళాను. ఆయన భార్య గంగవ్వ నన్ను గుర్తుపట్టింది. ఏడవలేదు. అరుగు మీద గొంగడి పరిచి కూర్చోమంది.

“మా ఇంటాయన నిన్ను శాన యాది చేస్తుండె,” అంది. “ముంగట నీ తప్పేం లేదన్నోళ్ళే ఎనుకకు తిట్టిండ్రు. మొఖం మీద నిజం చెప్పింది ఉస్తాద్ ఒక్కడే అంటుండె. నువ్వెప్పుడొచ్చినా అన్నం వెట్టకుండ తోలియొద్దని చెప్పిండు.”

జొన్నరొట్టె, పప్పు పెట్టింది. ఆమె ఎదురుగా కూర్చుని చూస్తుండగా తిన్నాను. ఇంకో రొట్టె వేస్తే అదీ తిన్నాను. చెయ్యి కడుక్కుని, దండం పెట్టి, వచ్చేశాను.

ఆ రోజు నుంచి ఇది రాయడం మొదలుపెట్టాను. చించేశాను, మళ్ళీ రాశాను. గంగవ్వకు చెప్పాలా? చెబితే ఆయన జీవితమంతా నమ్మిన ఒక్క మనిషిని ఆమె దగ్గర్నుంచి లాక్కున్నట్టవుతుందేమో అనుకున్నాను. అదీ సాకే. సాకులు పుట్టించడంలో చెయ్యి తిరిగినవాణ్ణి, మీరూ చూశారు. ఎప్పటికైనా వెళ్ళి చెబుతానా? తెలియదు. చెబుతానని ఇక్కడ రాసి మంచివాడినైపోవడం నాకిష్టం లేదు. క్షమించవలసినవాడు పోయాడు. మీరు క్షమిస్తే దానితో నాకు పని లేదు.

ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట ఉన్నదున్నట్టు ఉండాలి. కర్పూరం మూడు మూరల అవతల ఉంది. సంగప్ప సరిగ్గానే పెట్టాడు. నట్టు బిగించనిది నేను. బిగించలేదని తెలిసి కూడా ఆయన అడిగినప్పుడు తప్పు నీదేనని చెప్పింది నేను. రాశాను.